గొలుసు లెక్క

నాకు నోరెక్కువ. నేను ఒప్పుకునేలోపే మా బడిలో అందరూ ఒప్పేసుకున్న సంగతి ఇది. ఇరవై ఆరేళ్ళుగా మూడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. నీ చేతికి ఎర్ర పెన్ను ఇస్తే దేవుడికైనా రెండు మార్కులు కోసి పంపిస్తావు అంటారు మా ఆయన. కోసేదాన్నే, అందులో అబద్ధం లేదు. ఒక తొమ్మిదేళ్ళ పిల్ల మూడు జవాబులు రాస్తే మూడూ కొట్టేశాను. ఆ మూడూ ఒప్పులే.

పిల్లలు నాకు పెట్టుకున్న పేరు గొలుసు టీచర్. నా వెనకాల పిలుస్తారు, నాకు వినబడదనుకుంటారు. క్లాసు మొదలవగానే బోర్డు మీద ఒక గొలుసు లెక్క వేసేదాన్ని. 8 + 4 = 12 + 5 = 17 + 3 = 20. చాక్‌పీసు ఎత్తకుండా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్ళేదాన్ని. క్లాసంతా గొంతు కలిపి పాడేది. "ఎనిమిదీ నాలుగూ కలిపితే పన్నెండు వస్తుంది, దానికి ఐదు కలిపితే పదిహేడు వస్తుంది..." పక్క క్లాసువాళ్ళు కూడా విని నేర్చుకునేవారు. సమాన గుర్తుని నా క్లాసులో ఎప్పుడూ 'వస్తుంది' అనే చదివాం. నా చిన్నప్పుడు మా టీచర్ అలాగే చదివించింది. ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలీదు.

ఈ ఏడు బడి తెరవగానే అభ్యసన ప్రమాణాలంటూ దిండంత పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. రెండు రోజులు శిక్షణ. ఏ తరగతి పిల్లకి ఏమేం వచ్చి ఉండాలో వరసగా రాసి, ఒక్కోదానికీ ఒక నంబరు ఇచ్చారు. మనం చెప్పే పాఠం ఆ నంబరుకి సరిపోవాలి, పరీక్షలో ప్రతి ప్రశ్న పక్కనా ఆ నంబరు వెయ్యాలి. మార్కులు ఎత్తేశారు. ఒక్కో ప్రమాణానికీ మూడేసి ప్రశ్నలు. రెండు ఒప్పయితే 'సాధించింది', లేకపోతే 'సాధించలేదు'. సాధించని పిల్లకి రెండు వారాలు మళ్ళీ చెప్పి, మళ్ళీ పరీక్ష పెట్టాలి. అప్పటికీ రాకపోతే పునాది తరగతికి పంపాలి. టర్మ్ చివర ఇంకో పరీక్ష ఉంటుంది. అందులో గట్టెక్కితే పాత క్లాసుకి వస్తుంది, లేకపోతే ఏడాదంతా అక్కడే ఉండి, వచ్చే ఏడు మూడో తరగతే మళ్ళీ చదవాలి.

మార్కులు లేకపోతే నేనింక ఏం కొయ్యాలి అని శిక్షణలో గొణిగాను. ముందు వరసలో నవ్వులు. అక్కడితో నేను వినడం మానేశాను.

మూడో తరగతి నాలుగో ప్రమాణం ఇది: సమాన గుర్తుకు ఇరువైపులా ఉన్న విలువ ఒకటేనని గ్రహిస్తారు. ఇదెవరికి తెలీదు అనుకుని పేజీ తిప్పేశాను. కింద నమూనా ప్రశ్నలు మూడు ఉన్నాయి. మొదటిది 8 + 4 = □ + 5. చూడగానే గొలుసు లెక్క అనుకున్నాను. చివరన ఉండాల్సిన '= ఇంత' అనే తోక అచ్చులో ఎగిరిపోయిందనుకున్నాను. ఇంత ఖర్చు పెట్టి పుస్తకం వేసి ఒక్క తోక చూసుకోలేకపోయారని స్టాఫ్ రూంలో జోకు కూడా వేశాను. ఆ మూడు ప్రశ్నలూ పేపర్లోకి ఎత్తి, టీ చల్లారేలోపు జవాబుల పట్టీ రాసేశాను. పన్నెండు, తొమ్మిది, పదిహేను.

ముప్పై తొమ్మిది మంది పిల్లలు. ముప్పై ఎనిమిది మంది పన్నెండు, తొమ్మిది, పదిహేను అనే రాశారు. దిద్దుతుంటే నా కడుపు నిండిపోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఒక్క పిల్ల మాత్రం ఏడు, ఎనిమిది, ఆరు అని రాసింది. పేరు చూడకుండానే ఎవరో చెప్పగలిగాను.

క్లాసులో ఆ పిల్లని అందరూ తక్కెడ అంటారు. ఆ పేరు రావడానికి కారణం కూడా నేనే. వాళ్ళ నాన్నకి బడి వెనక సందులో పాత సామాన్ల కొట్టు ఉంది. పాత పేపర్లు, సీసాలు, ఇనుప ముక్కలు కొంటాడు. కొట్టు మధ్యలో దూలానికి పెద్ద తక్కెడ వేలాడుతూ ఉంటుంది. బడి వదలగానే ఆ పిల్ల అక్కడికి వెళ్ళి తూకపు రాళ్ళు వేస్తూ కూచుంటుంది. బడి తెరిచిన మొదటి నెలలోనే ఒకరోజు గొలుసు లెక్క మధ్యలో లేచి నుంచుంది.

"టీచర్, అది తూగట్లేదు."

"ఏది?"

"ఇటు ఎనిమిదీ నాలుగూ ఉన్నాయి కదా. అటు పన్నెండూ ఐదూ ఉన్నాయి. అటువైపు బరువైపోయింది టీచర్."

"ఇది లెక్కల క్లాసా, మీ నాన్న కొట్టా? తూకం వేరు, లెక్క వేరు. కూచో తక్కెడా."

క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల కూడా నవ్వి కూచుంది. నేను గొలుసు పూర్తి చేశాను. ఆ ఒక్క నిమిషం వెనక్కి తిరిగి బోర్డు చూసి ఉంటే ఎంత బావుండేదో.

పరీక్ష అయ్యాక నియమం ప్రకారం రెండు వారాలు మళ్ళీ చెప్పాను. నా నోటికి భయపడేవాళ్ళు నమ్మరు గానీ, ఆ రెండు వారాలూ నేనొక్క మాట కసరలేదు. బడి వదిలాక పక్కన కూచోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని చెప్పాను. "చూడు తల్లీ, ఈ రెండు గీతలు కనబడగానే ఆగాలి. ముందున్నవి కలపాలి. వచ్చింది డబ్బాలో రాయాలి. తర్వాత ఏముందో మనకనవసరం." ఆ పిల్ల తల ఊపేది. ఊపి, "కానీ టీచర్..." అనేది. ఆ కానీ దగ్గర ఆపేసేదాన్ని. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి. ఇంటికెళ్ళి మా ఆయనతో, ఎంత ఓపిక వచ్చిందో చూడండి నాకు అని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

రెండో పరీక్షలోనూ ఏడు, ఎనిమిది, ఆరే రాసింది. పునాది తరగతికి పంపించాను.

మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. పొద్దున్నే తలకి నీళ్ళు పెట్టి దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మం బయటే నుంచున్నాడు. రమ్మన్నా లోపలికి రాలేదు.

"టీచరమ్మా, మీరు తప్పు చేశారని కాదు. నాకు చదువు లేదు. కానీ మా పిల్ల ఎప్పుడూ తూకం తప్పదమ్మా. కళ్ళతో చూసి చెప్పేస్తుంది, ఇటు ఇంకో రెండొందల గ్రాములు పడాలి నాన్నా అని. అలాంటిది కూడికలు రాలేదంటే..."

"కూడికలు వచ్చు. గుర్తు అర్థం కాలేదు. టర్మ్ చివర మళ్ళీ పరీక్ష ఉంది, అప్పుడు చూద్దాం."

"ఇంటి దగ్గర నేనేమైనా చెయ్యాలా అమ్మా?"

"ఆ తక్కెడ దగ్గరికి రానివ్వకండి. దాంతోనే పాడైపోతోంది."

అన్నాను, ఇంత మాటా అన్నాను. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నుంచి ఆ పిల్లని కొట్లోకి రానివ్వలేదట. మెట్టు మీద కూచుని నేనిచ్చిన షీట్లు చేసుకునేదట.

పునాది తరగతి అంటే వరండా చివర పాత సామాన్ల గది. ఒకటే కిటికీ. విరిగిన బల్లలు ఒక మూలకి నెట్టి, మూడు తరగతుల పిల్లల్ని కలిపి కూచోబెట్టేవాళ్ళం. దానికి విడిగా టీచర్ లేరు. ఖాళీ పీరియడ్ ఉన్నవాళ్ళం వంతులు వేసుకుని వెళ్ళేవాళ్ళం. ఎవరి పిల్లలకి వాళ్ళ టీచరే షీట్లు తయారుచేసి పంపాలి. వెనక జవాబుల పట్టీ అతికించి పంపితే పిల్లలు తమంతట తామే దిద్దుకుంటారు. వారానికి రెండు చొప్పున నాలుగు నెలలు పంపాను. ఒక్కో షీటులో ఇరవై గొలుసు లెక్కలు. మొదట్లో ఇరవైకి ఇరవై తప్పులతో తిరిగొచ్చేవి. తర్వాత పది. తర్వాత రెండు. నెమ్మదిగా దారిలో పడిందని సంతోషించాను. ప్రమాణం, పాఠం, పరీక్ష మూడూ ఒకే తాటి మీద నడిస్తే ఫలితం వస్తుందని శిక్షణలో చెప్పారు కదా, నిజమేనన్నమాట అనుకున్నాను.

టర్మ్ చివరి రోజు పొద్దున మార్పిడి దిద్దుబాటు. అంటే ఒక సెక్షన్ పేపర్లు కొన్ని ఇంకో సెక్షన్ టీచర్ దిద్ది, ఇద్దరూ ఒకేలా దిద్దుతున్నారో లేదో చూసుకోవడం. అదే రోజు మధ్యాహ్నం పునాది తరగతి పిల్లలకి పరీక్ష. దాన్ని సొంత టీచర్ పెడతారు, పక్క సెక్షన్ వాళ్ళు దిద్దుతారు.

నా పక్క సెక్షన్ చిన్న మాస్టారిది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. నెమ్మదస్తుడు. నాలుగో ప్రమాణంలో ఆయన నలభై మందిలో మొదటిసారి నలుగురే గట్టెక్కారు. ఆ పొద్దున ఆ అంకె చూసి పెద్ద టీచర్, అంటే మా ప్రధానోపాధ్యాయురాలు, అందరి ముందూ అంది, "పక్క గదిలో ముప్పై ఎనిమిది మంది సాధించారు. వెళ్ళి ఆవిడ దగ్గర నేర్చుకోండి." ఆయన మొహం ఇంతయింది. నాకు జాలేసి, స్టాఫ్ రూంలో పక్కన కూచున్నాను.

"ఏం లేదు మాస్టారూ, పిల్లలకి మరీ ఆలోచించే అవకాశం ఇవ్వకూడదు. గుర్తు దగ్గర ఆగమనండి, అంతే."

ఆయన నా పిల్లల పేపర్లు పది ముందు పెట్టుకుని ఉన్నాడు. చేతిలో పెన్ను ఉంది గానీ రాయడం లేదు.

"టీచర్ గారూ, మీరేమీ అనుకోకపోతే ఒక్కసారి ఇది చూస్తారా?"

ప్రమాణాల పుస్తకం వెనక పేజీలు తీశాడు. నమూనా జవాబులు. అవి ఉన్నాయని కూడా నాకు తెలీదు. నాలుగో ప్రమాణం ఎదురుగా ఏడు, ఎనిమిది, ఆరు అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో, పన్నెండు అని రాసిన పిల్లలు సమాన గుర్తును 'జవాబు ఇక్కడ రాయాలి' అనే అర్థంలో తీసుకుంటున్నారు, మళ్ళీ బోధించాలి అని ఉంది.

ఒకసారి చదివాను. రెండోసారి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఇరవై ఆరేళ్ళు లెక్కలు చెప్పిన మనిషిని, బల్ల కింద వేళ్ళు ముడిచి ఎనిమిదీ నాలుగూ, ఏడూ ఐదూ అని లెక్కపెట్టుకున్నాను. అటూ పన్నెండే, ఇటూ పన్నెండే. గొలుసు కళ్ళ ముందు తెగిపోయింది. ఎనిమిదీ నాలుగూ కలిపితే పన్నెండూ ఐదుకి సమానం అని ఇన్నేళ్ళూ బోర్డు మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రాశాను. ఒక్కరూ అడగలేదు. అడిగిన ఒక్క పిల్లని తీసుకెళ్ళి సామాన్ల గదిలో పెట్టాను.

"నేనెవరికీ చెప్పలేదండీ," అన్నాడు చిన్న మాస్టారు. నాకన్నా ఆయనే ఎక్కువ సిగ్గుపడుతున్నాడు.

పెద్ద టీచర్ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ తలుపు వేసింది.

"ముప్పై ఎనిమిది మందికీ 'సాధించలేదు' అని మారిస్తే వాళ్ళనెక్కడ కూచోబెట్టమంటారు? పైకి పంపిన నివేదిక ఏం చెయ్యమంటారు? వచ్చే టర్మ్‌లో మెల్లగా సరిచేసి చెప్పుకోండి. ఎవరికీ తెలీదు."

"ఆ పిల్ల సంగతేంటి? పాత పేపర్లో అన్నీ ఒప్పులే కదా. దాన్ని చూపించి ఇవాళే వెనక్కి తెచ్చేద్దాం."

"దాని మీద మీ ఎర్ర గీతలున్నాయి. అది బయటికొస్తే ముప్పై ఎనిమిదీ బయటికొస్తాయి. మధ్యాహ్నం ఎలాగూ పరీక్ష ఉందిగా. చిన్న మాస్టారు సరైన పట్టీతోనే దిద్దుతారు. లెక్క వచ్చిన పిల్లే కదా, రాసేస్తుంది. రేపట్నుంచి మీ క్లాసులో ఉంటుంది. ఇందులో గొడవేముంది?"

ఊళ్ళో వాళ్ళందరి మీదా లేచే నా నోరు అక్కడ లేవలేదు. భయమేసింది. పైగా ఆవిడ చెప్పింది సబబుగానే తోచింది. నా క్లాసు మొత్తం మీద ఆ గుర్తు అర్థమైంది ఆ పిల్ల ఒక్కదానికే. మొదట రాసినట్టే రాస్తే చాలు. దానికి నేను కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు.

భోజనాల గంట అయ్యాక పేపర్ తీసుకుని వరండా చివరికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే కాస్త తేలికగానే నడిచాను. పిల్ల క్లాసుకి వచ్చేస్తే మొదటి బెంచీలో కూచోబెట్టాలి, వాళ్ళ నాన్నని పిలిచి క్షమాపణ అడగాలి, అందరి ముందూ బోర్డు మీద తక్కెడ బొమ్మ వేయించాలి అని ఏవేవో అనుకున్నాను.

పిల్ల కిటికీ దగ్గర కూచుని ఉంది. జడ గట్టిగా వేసుకుని వచ్చింది. రెండు పెన్సిళ్ళు చెక్కి పెట్టుకుంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఇవాళ వచ్చేస్తాను టీచర్. బాగా చదివాను. నాన్నకి కూడా చెప్పాను."

"తొందరేం లేదు తల్లీ. నీకెలా తోస్తే అలా రాయి."

పేపర్ పెట్టాను. అవే మూడు ప్రశ్నలు, నేనే కావాలని మార్చలేదు. ఆ పిల్ల వాటి వంక సరిగ్గా చూడను కూడా చూడలేదు. పెన్సిలు పరుగెత్తింది. పన్నెండు. తొమ్మిది. పదిహేను. కింద గీత గీసి, పేపర్ నా వైపు తిప్పి, చేతులు కట్టుకుని కూచుంది.

పేపర్ మళ్ళీ ఆ పిల్ల వైపు తిప్పాను.

"ఇంకోసారి చూడమ్మా."

"చూశాను టీచర్. రైటే. షీట్లలో కూడా ఇలాగే ఉన్నాయి."

"మొదటి పరీక్షలో ఏం రాశావో గుర్తుందా?"

ఆ పిల్ల సిగ్గుగా నవ్వింది. చిన్నప్పుడు చేసిన తెలివితక్కువ పని ఎవరైనా గుర్తు చేస్తే నవ్వుతామే, అలాగ.

"ఏడు రాశాను. అప్పుడు నాకు తెలీదు కదా టీచర్. రెండు వైపులా తూగాలనుకునేదాన్ని."

"తూగాలి కదమ్మా. మీ నాన్న కొట్లో..."

"అది కొట్లో టీచర్. ఇక్కడ కాదు. నేను మానేశాను అది."

ఆ మాట చాలా బుద్ధిగా చెప్పింది. చెడ్డ అలవాటు వదిలించుకున్నట్టు చెప్పింది. నేను ఆ చిన్న బల్ల ముందు నేల మీద కూలబడ్డాను. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి నేల మీద కూచోనిదాన్ని కూచున్నాను. చెయ్యి పట్టుకున్నాను.

"విను తల్లీ. ఆ రోజు నువ్వు రాసిందే ఒప్పు. ఏడే ఒప్పు. తప్పు నాది. నేనే తప్పుగా దిద్దాను, తప్పుగా నేర్పించాను. షీట్లన్నీ తప్పే."

నమ్మలేదు. నా కళ్ళలోకి చూసి, ఇదేదో పరీక్షలో భాగమనుకుంది కాబోలు, తల అడ్డంగా ఊపింది.

"కాదు టీచర్. ఏడు తప్పు. మీరు రెండుసార్లు కొట్టేశారు."

"కొట్టేశాను. కొట్టెయ్యకూడదు. చూడు, ఇటు ఎనిమిదీ నాలుగూ ఎంత?"

"పన్నెండు."

"అటువైపు ఐదుంది. ఇంకెంత వేస్తే తూగుతుంది?"

ఆ పిల్ల పెదాలు కదిలాయి. ఒక్క క్షణం ఆ కళ్ళలో పాత వెలుగు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. పేపర్ మీద లేవు. నా మొహంలో జవాబు వెతుకుతోంది. ఐదారు నెలల కిందట ముప్పై తొమ్మిది మందిలో లేచి నుంచుని అది తూగట్లేదు టీచర్ అన్న పిల్ల, ఇప్పుడు నా కనుబొమలు ఎటు కదులుతాయా అని చూస్తోంది. నా కళ్ళ నీళ్ళు చూసి భయపడింది. గబగబా రబ్బరు తీసి పన్నెండు చెరిపేసింది. కాగితం నలిగి, డబ్బాలో బూడిదరంగు మరక మిగిలింది.

"ఏడవకండి టీచర్. మీరు ఏది చెబితే అదే రాస్తాను."

బయట గంట కొట్టారు. చిన్న మాస్టారు పేపర్ల కోసం గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయాడు. ఇంకో అరగంట ఇవ్వండి అని అడగొచ్చు. అరగంటలో ఏం తిరిగొస్తుంది? నాలుగు నెలలు పట్టింది నాకు, అంత గట్టిగా ఉన్నదాన్ని తీసెయ్యడానికి. ఇప్పుడు వదిలేస్తే ఏడాదంతా ఈ గదిలోనే ఉంటుంది.

"ఏడు," అన్నాను.

ఏడు అని రాసింది, గుండ్రంగా, చక్కటి దస్తూరీతో. రాసి, పెన్సిలు రెండో డబ్బా మీద ఆనించి, తల ఎత్తింది.

"దీనికేం రాయాలి టీచర్?"